నిండితే చెప్పని గిన్నె

పెళ్లి వీడియో ఎడిటింగ్ పూర్తయి చేతికొచ్చాక దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, టీవీకి తగిలించి ఇంటిల్లిపాదీ చూడటం మనకు అలవాటే. 32 జీబీ పెన్‌డ్రైవ్ పూర్తిగా ఖాళీగా ఉంది, వీడియో చూస్తే 6 జీబీ. అయినా కాపీ చేయబోతే, ఫైలు మరీ పెద్దదని చెప్పి కంప్యూటర్ ఆపేస్తుంది. పెన్‌డ్రైవ్ పాడైందేమోనని చాలామంది అనుమానపడతారు. పాడవలేదు. అలాంటి పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌తో వస్తాయి. ఫైల్ సిస్టమ్ అంటే డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో, ఎంత ఉందో రాసిపెట్టుకునే పద్దు. ఫ్యాట్32 పద్దులో ఒక్కో ఫైలుకు ఒక నమోదు ఉంటుంది. అందులో పేరు, తేదీ, ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పే నంబరు ఉంటాయి. చివరి 4 బైట్లలో, అంటే 32 బిట్లలో, ఫైలు పరిమాణం ఉంటుంది. 32 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. సరిగ్గా 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. డిస్కులో ఎంత చోటున్నా, పరిమాణం రాసుకునే గడిలో చోటు లేదు.

ఈ హద్దును అందరూ తిట్టుకుంటారు. నా దృష్టిలో మాత్రం అది చేసిన పని మంచిదే. పట్టదని తెలిసింది, పట్టదని చెప్పింది. వీడియో అసలు కాపీ భద్రంగానే ఉంది. ఫైల్ సిస్టమ్ ప్రోగ్రాముల్లో నిజమైన నష్టాలు చిన్న గడుల వల్ల కంటే, పెద్ద అంకె చిన్న గడిలోకి చప్పుడు లేకుండా దూరిపోవడం వల్లే ఎక్కువగా జరిగాయి. కాబట్టి ఒక అంకెకు ఏ డేటా టైప్ వాడాలన్న ప్రశ్నకు, వీలైనంత పెద్దది వాడమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ అంకె దేన్ని లెక్కపెడుతోంది, ఎన్నేళ్లు బతకాలి, హద్దుకు చేరిన రోజున ఏం జరగాలి అని అడగాలి. మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎక్కువమంది మరిచిపోయేదీ అదే.

గిద్ద, సోల, తవ్వ, మానిక అని మన ఇళ్లలో కొలపాత్రలు ఉండేవి. సోలలో మానికెడు బియ్యం పోస్తే ఒలుకుతాయి, ఒలికిన గింజలు కళ్ల ముందు నేల మీద కనిపిస్తాయి. కంప్యూటర్‌లో పూర్ణాంకాలకు కూడా ఇలాగే 8, 16, 32, 64 బిట్ల కొలతలున్నాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ ఒలికింది కనిపించదు. పాత స్కూటర్ మీటర్ 99999 దాటగానే 00000కి తిరిగినట్టు, 32 బిట్ల గడి తన చివరి అంకె దాటగానే సున్నాకు వస్తుంది. సున్నా కూడా చూడటానికి మామూలు అంకే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనికి తోడు సైన్డ్, అన్‌సైన్డ్ అని రెండు తీరులు. సైన్డ్ రకం ఋణ సంఖ్యలకూ చోటివ్వాలి కనుక ధన సంఖ్యలకు సగమే మిగులుతుంది. 32 బిట్ల సైన్డ్ గడి 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఒక్కటి కలిపిన బిట్ల వరుసను అదే రకంగా చదివితే మైనస్ 214 కోట్లు అవుతుంది.

ఈ గడుల ఎంపికలో తొలితరం ఎలా ఆలోచించిందో యూనిక్స్ చరిత్ర చూపిస్తుంది. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్ పీడీపీ-11 అనే 16 బిట్ల యంత్రం మీద నడిచేది. ఫైలు పరిమాణానికి 16 బిట్లు చాలవని వాళ్లకు తెలుసు. అందుకే 8 బిట్ల ముక్క ఒకటి, 16 బిట్ల ముక్క ఒకటి కలిపి 24 బిట్లు చేశారు. అంటే ఫైలు 16 ఎంబీ దాకా పెరగొచ్చు. కానీ ఫైలులో ఫలానా చోటికి వెళ్లమని చెప్పే సీక్ అనే పిలుపు తీసుకునే అంకె మాత్రం 16 బిట్లే. దాంతో దూరాన్ని 512 బైట్ల బ్లాకుల లెక్కన చెప్పే అదనపు పద్ధతి ఒకటి పెట్టాల్సొచ్చింది. ముందు బ్లాకుకు వెళ్లి, ఆ తర్వాత బ్లాకులో బైటుకు వెళ్లాలి. 1979లో ఏడో ఎడిషన్ వచ్చేసరికి 32 బిట్ల లాంగ్ రకం తీసుకునే కొత్త పిలుపు వచ్చింది, దాని పేరు ఎల్‌సీక్. ఇవాళ్టికీ ప్రోగ్రామర్లు రాసే ఆ పేరు ముందున్న ఎల్ అక్షరం ఆ లాంగ్ గుర్తే. ఆ లాంగ్ సైన్డ్ రకం కావడంతో హద్దు 2 జీబీ దగ్గర పడింది. 1990ల్లో డిస్కులు పెరిగాక అది అందరికీ అడ్డొచ్చింది. కంపెనీలు కూడి 1996లో లార్జ్ ఫైల్ సమిట్ పేరుతో 64 బిట్ల దూరాలకు ఉమ్మడి పద్ధతి ఖరారు చేశాయి. ప్రతిసారీ జరిగిన పొరపాటు ఒకటే. ఫైలు ఎంత పెద్దదన్నది డిస్కుకు సంబంధించిన విషయం. దాని గడిని మాత్రం ప్రాసెసర్‌కు ఏది తేలికో చూసి ఎంచారు.

సి భాషలో ఈ చిక్కు ఇప్పటికీ ఉంది. లాంగ్ అని రాస్తే 64 బిట్ల లినక్స్‌లో అది 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32 బిట్లు. ఇలాంటి రకాన్ని డిస్కు మీద రాసే పద్దులో వాడితే ఒక యంత్రంలో రాసింది ఇంకో యంత్రంలో చదవలేం. అందుకే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లలో డిస్కు మీదికి వెళ్లే ప్రతి అంకెకూ బిట్ల సంఖ్య పేరులోనే ఉండే రకాలు వాడతారు. ఇన్ని బిట్లు, బైట్లు ఫలానా క్రమంలో అని పేరే చెబుతుంది. ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ చిన్న బైటును ముందు రాస్తుంది, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనేది పెద్ద బైటును ముందు రాస్తుంది. రెంటినీ కలగలిపితే స్పార్స్ అనే తనిఖీ సాధనం పట్టుకుంటుంది. ఇక్కడ డేటా టైప్ ఒక పత్రంలో రాసుకున్న షరతు లాంటిది. ఈరోజు రాసే వ్యక్తికీ, ఇరవై ఏళ్ల తర్వాత ఆ డిస్కును చదివే వ్యక్తికీ మధ్య ఒప్పందం అది.

మరి అన్నిటికీ 64 బిట్లు ఇచ్చేస్తే పోలేదా అని అడగవచ్చు. మెమరీలో నడిచే లెక్కలకైతే దాదాపు ఎప్పుడూ ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. డిస్కు మీద అంత తేలిక కాదు. ఎక్స్‌ట్4లో ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే చిన్న పత్రం ఉంటుంది. ఇప్పుడు సాధారణంగా అది 256 బైట్లు. మామూలు అమరికలో 16 కిలోబైట్లకు ఒకటి చొప్పున ఐనోడ్‌లు ముందే కేటాయిస్తారు కనుక, ఒక టెరాబైట్ డిస్కులో 6 కోట్ల 71 లక్షల ఐనోడ్‌లు 16 జీబీ చోటు తీసుకుంటాయి. అంటే ఐనోడ్‌లో పెంచిన ప్రతి బైటూ 6 కోట్ల 71 లక్షల సార్లు పెరుగుతుంది. ఆ ఐనోడ్‌లో ఫైలు ఎక్కడుందో రాసుకోవడానికి ఉన్నది 60 బైట్లు. అందులో 12 బైట్లు శీర్షికకు పోతే, 12 బైట్ల నమోదులు నాలుగు పడతాయి. ఒక్కో నమోదులో ఫైలులోని బ్లాకు నంబరుకు 32 బిట్లు, పొడవుకు 16, డిస్కులోని బ్లాకు నంబరుకు 48. ఆ 48ని 64 చేస్తే నమోదు 14 బైట్లవుతుంది. సర్దుబాటు కోసం 16కి పెంచితే నాలుగు పట్టే చోట మూడే పడతాయి. 48 బిట్లతోనే 4 కిలోబైట్ల బ్లాకుల లెక్కన పది లక్షల టెరాబైట్లకు పైగా డిస్కును అందుకోవచ్చు. ఇది పిసినారితనం కాదు, లెక్క తెలిసిన పొదుపు. 48 బిట్ల రకం సి భాషలో లేదు కాబట్టి ఆ అంకెను 16, 32 బిట్ల రెండు ముక్కలుగా రాస్తారు. మెమరీలోకి రాగానే రెంటినీ కలిపి 64 బిట్ల గడిలో పెడతారు. డిస్కు మీద ఇరుకు, మెమరీలో విశాలం అన్న ఈ అమరిక నాకు చాలా నచ్చుతుంది.

పొదుపు ఎప్పుడూ ఇంత చక్కగా కుదరదు. అదే ఎక్స్‌ట్4లో ఫైలు పేరు పొడవుకు 8 బిట్ల గడి. ముందుతరం ఎక్స్‌ట్2లో మొదట దానికి 16 బిట్లుండేవి. పేరు ఎలాగూ 255 దాటదు గనుక సగం గడిని ఫైలు రకం రాసుకోవడానికి తీసేసుకున్నారు. 255 అంటే చాలా పొడవే అనిపిస్తుంది. అయితే అవి 255 అక్షరాలు కావు, 255 బైట్లు. యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు వర్ణ సంకేతానికి మూడు. మనం ఒకటిగా పలికే ‘శ్రీ’లో శకారం, విరామ గుర్తు, రకారం, గుడిదీర్ఘం కలిపి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. ‘స్త్రీ’కి ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఆ లెక్కన ఇంగ్లీషులో 255 అక్షరాలు పట్టే చోట ‘స్త్రీ’ లాంటి అక్షరాలు పద్నాలుగే పడతాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ హద్దు 255యే, కానీ అది లెక్కపెట్టేది 16 బిట్ల ప్రమాణాలను. అందులో తెలుగు సంకేతాలు 255 పూర్తిగా పడతాయి. ఇలా పొడవాటి తెలుగు పేరున్న పీడీఎఫ్ ఒక డిస్కులో హాయిగా ఉండి, ఇంకో డిస్కుకు పంపితే పేరు మరీ పొడవైందని వెనక్కి వస్తుంది. అంకె సరైనదే, గడి సరిపోయేదే. ఏ ప్రమాణాన్ని లెక్కపెడుతున్నామన్న చోట మన భాష మీద ఎక్కువ భారం పడింది. ఒక గడి అర్థం ఏమిటన్నది దాని వెడల్పంత ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పిన హద్దులన్నీ నోరు విప్పేవే. ఇప్పుడు విప్పనివి చూద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్ ఒక ఫైలును 4096 బైట్ల పేజీలుగా చూస్తుంది. ఒక పేజీ ఫైలులో ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పేజీ నంబరును 4096తో గుణించాలి. పేజీ నంబరు 10 లక్షల 48 వేల 576 అనుకుందాం. 32 బిట్ల యంత్రంలో ఆ నంబరుకు వాడే గడి 32 బిట్లది, అందులో అది సులువుగా పడుతుంది. గుణించిన ఫలితం సరిగ్గా 4 జీబీ. అది 32 బిట్లలో పట్టదు, మిగిలేది సున్నా. ఫైలులో 4 జీబీ దగ్గర రాయాల్సిన సమాచారం ఫైలు మొదట్లో ఉన్నదాని మీద పడుతుంది. లోపం రాదు, హెచ్చరిక రాదు. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, ఫలితం దాచుకునే గడి 64 బిట్లదే అయినా ఇది జరుగుతుంది. సి భాష ముందు చిన్న గడిలోనే గుణకారం చేసేసి, తర్వాత ఫలితాన్ని పెద్ద గడిలోకి పోస్తుంది. పోసేటప్పటికే ఒలికిపోయింది. గుణించకముందే పేజీ నంబరును 64 బిట్లకు మార్చాలి. ఒకే పంక్తిలో ఒక్క మాట ముందుంటే ఫైలు భద్రం, వెనకుంటే నాశనం. కోడ్ చదివే కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాత ఐడీఈ హార్డ్‌డిస్కుల్లోనూ ఇదే జబ్బు. సెక్టార్ నంబరుకు 28 బిట్లు మాత్రమే ఉండటంతో హద్దు 137 జీబీ దగ్గర పడేది. అంతకన్నా పెద్ద డిస్కుకు పాత డ్రైవర్ పై బిట్లు వదిలేసి రాస్తే, హద్దుకు అవతల పడాల్సిన రాత డిస్కు మొదట్లో పడేది. డిస్కు మొత్తానికి విభాగాల పట్టిక ఉండే చోటది.

అన్నిటికంటే లోతుగా ఆలోచింపజేసేది 2021 జులైలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన లోపం. దానికి వాళ్లు పెట్టిన పేరు సెక్వోయా. లినక్స్‌లో ఏయే డిస్కులు ఎక్కడ తగిలించి ఉన్నాయో చెప్పే ఒక జాబితా ఉంటుంది. అది చదవమంటే కెర్నల్ ఒక బఫర్, అంటే తాత్కాలికంగా రాసుకునే మెమరీ ముక్క, తీసుకుంటుంది, చాలకపోతే రెట్టింపు చేస్తుంది, ఇంకా చాలకపోతే మళ్లీ రెట్టింపు. ఆ బఫర్ పరిమాణం 64 బిట్ల అన్‌సైన్డ్ గడిలో ఉంది, సరైన రకమే. కానీ మధ్యలో దారి పేరు రాసిపెట్టే ఒక సహాయక ఫంక్షన్ అదే పరిమాణాన్ని ఇంట్ రకంలో, అంటే 32 బిట్ల సైన్డ్ గడిలో, తీసుకుంటుంది. ఎవరైనా ఒకదానిలో ఒకటిగా సుమారు పది లక్షల డైరెక్టరీలు సృష్టించి, దారి పేరు మొత్తం ఒక జీబీ దాటేలా చేసి, దాన్ని తగిలించి, తర్వాత తొలగించి, ఆ జాబితా చదివితే బఫర్ 2 జీబీకి చేరుతుంది. ఆ 2 జీబీ ఇంట్‌లోకి వెళ్లగానే మైనస్ 2 జీబీ అయిపోతుంది. తొలగించిన డైరెక్టరీ అని సూచించే పది బైట్ల మాట బఫర్‌కు 2 జీబీ వెనక, కెర్నల్ మెమరీలో పడుతుంది. ఆ పది బైట్లను ఆసరా చేసుకుని మామూలు వినియోగదారు ఆ యంత్రం మీద పూర్తి అధికారం సంపాదించగలడని క్వాలిస్ ఉబుంటు, డెబియన్, ఫెడోరాల మీద నిరూపించింది.

ఆ ఇంట్‌ను మొదట రాసినవారిని తప్పుపట్టడం సులువు. కానీ రాసిన నాటికి అది ప్రమాదం కాదు. అప్పట్లో ఆ బఫర్ అంత పెద్దగా పెరిగే అవకాశమే లేదు, ఎందుకంటే వరుసగా ఒకే ముక్కగా దొరికే మెమరీకి పరిమితి ఉండేది. 2014లో వచ్చిన 3.16 కెర్నల్‌లో, మంచి ఉద్దేశంతోనే, ఆ పరిమితి దాటి మెమరీ తెచ్చుకునే ఏర్పాటు చేశారు. ఎక్కడో ఉన్న గోడ తీసేశారు, దాని నీడన నిలబడిన ఇంట్ బయటపడింది. ఏడేళ్లు ఎవరూ గమనించలేదు. చివరికి చేసిన మరమ్మతు కూడా చూడదగ్గది. అన్ని ఫంక్షన్ల రకాలూ మార్చలేదు. బఫర్ ఒక హద్దు దాటి పెరగబోతే నిరాకరించమని ఒక తనిఖీ పెట్టారు. ఆ హద్దు, లినక్స్‌లో ఒక్క రీడ్ లేదా రైట్ పిలుపు ఎప్పుడూ దాటనిది, 214 కోట్ల 74 లక్షల 79 వేల 552 బైట్లు. 64 బిట్ల యంత్రాల్లోనూ అంతే. ఎక్కడైనా పాత ఇంట్ ఒకటి దాక్కుని ఉన్నా అది నిండకుండా ఈ హద్దు అడ్డుపడుతుంది.

పరిమాణం ఎప్పుడూ ఋణ సంఖ్య కాదు గనుక అంతటా అన్‌సైన్డ్ వాడితే ఈ గొడవే ఉండదని కొందరు వాదిస్తారు. సెక్వోయా కథ వింటే అది సబబనే అనిపిస్తుంది. అయితే 10 బైట్ల ఫైలులోంచి 16 బైట్ల శీర్షికను తీసేస్తే ఎంత మిగులుతుందో అన్‌సైన్డ్ గడిని అడిగి చూడండి. 32 బిట్లలో జవాబు 429 కోట్ల 49 లక్షల 67 వేల 290. సైన్డ్ అయితే మైనస్ 6 వస్తుంది, సున్నా కన్నా తక్కువైతే ఆగు అన్న ఒక్క పరీక్షకు దొరికిపోతుంది. లినక్స్ ఫైలు దూరాలకు 64 బిట్ల సైన్డ్ రకమే వాడుతుంది. సగం చోటు వదులుకున్నా 80 లక్షల టెరాబైట్లకు పైగా మిగులుతుంది కనుక ఆ వదులుకోవడంలో నష్టం లేదు, పైగా ఋణ సంఖ్యలు లోపాల సంకేతాలుగా పనికొస్తాయి. తీసివేతలు జరిగే చోట సైన్డ్ మేలు, బిట్ల గుర్తులూ డిస్కు నంబర్లూ ఉన్న చోట అన్‌సైన్డ్ మేలు అన్నది నా అభిప్రాయం. రెండూ కలిసే ప్రతి చోటా ఒక పరీక్ష ఉండాలి. ఆ పరీక్ష రాసే తీరు కూడా ముఖ్యమే. మొదలు, పొడవు కలిపితే ఫైలును దాటుతుందా అని అడిగితే, ఆ కూడికే చుట్టు తిరిగి చిన్న అంకెగా వచ్చి దాటలేదని అబద్ధం చెప్పొచ్చు. ముందు మొదలు ఫైలు లోపలే ఉందని చూసుకుని, తర్వాత మిగిలిన చోటు కన్నా పొడవు ఎక్కువా అని అడగాలి. డిస్కు మీంచి చదివిన అంకెల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌లో ఆ అంకెలు ఎవరు రాశారో కెర్నల్‌కు తెలియదు.

ఇంత జాగ్రత్త మనుషుల వల్ల కాదు, మంచి భాష వాడితే చాలన్న వాదనలో సగం నిజముంది. రస్ట్ భాషలో వేర్వేరు వెడల్పుల అంకెలు వాటంతటవే ఒకదానిలోకి ఒకటి వెళ్లవు, ప్రోగ్రామర్ చెప్పి తీరాలి. అది పెద్ద మేలు. కానీ చెప్పే మార్గాల్లో ఒకటి పై బిట్లను మౌనంగా కోసేస్తుంది, మరొకటి పట్టకపోతే లోపం చూపిస్తుంది. ఏది వాడాలో మళ్లీ మనిషే ఎంచుకోవాలి. కూడికల పొంగును కూడా రస్ట్ పరీక్షించే దశలో పట్టుకుంటుంది, తుది రూపంలో మామూలుగా వదిలేస్తుంది. పరీక్షలన్నీ పెడితే వేగం తగ్గుతుందన్న భయం డిస్కు పనిలో అంతగా నిలవదు. డిస్కు జవాబిచ్చేలోపు ప్రాసెసర్ ఇలాంటి పోలికలు వేలకొద్దీ చేయగలదు.

చివరగా, భవిష్యత్తు ఎవరికి తెలుసు అన్న మాట. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ 160 కిలోబైట్ల ఫ్లాపీల మీద నడిచేది. ఫైలు పరిమాణానికి 32 బిట్లు ఇవ్వడమంటే ఆ ఫ్లాపీకి 26 వేల రెట్లు చోటు వదలడం. అది ఇరుకు చూపు కానే కాదు. అదే గడిని 1996లో ఫ్యాట్32 అలాగే మోసుకొచ్చింది. అదే ఏడాది నవంబరులో జపాన్ మార్కెట్లోకి డీవీడీ వచ్చింది, ఒక పొర సామర్థ్యం 4.7 జీబీ. ఉదారంగా ఇచ్చిన గడి కూడా ఏదో ఒకరోజు నిండుతుంది కనుకే, ఆ రోజున అది ఏం చేస్తుందన్నది మొదటిరోజే తేల్చుకోవాలని నేను పట్టుబడుతున్నాను. అలా నిండబోయే గడి మన ముందే ఇంకొకటి ఉంది. పాత ఎక్స్‌ట్3 డిస్కుల్లో, 128 బైట్ల ఐనోడ్‌లతో తయారైన ఎక్స్‌ట్4 డిస్కుల్లో, ఫైలు తేదీని 1970 జనవరి 1 నుంచి సెకన్లుగా 32 బిట్ల సైన్డ్ గడిలో రాస్తారు. మన సమయం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండుతుంది. 256 బైట్ల ఐనోడ్‌లలో అదనంగా దొరికిన చోటులోంచి రెండు బిట్లు తీసి ఆ గడువును 2446 దాకా పొడిగించారు. 128 బైట్ల వాటిలో ఆ చోటు లేదు. 2019లో వచ్చిన 5.4 కెర్నల్ నుంచి లినక్స్ అలాంటి డిస్కును తగిలించినప్పుడు ఒక వరుస రాస్తోంది. ఈ ఫైల్ సిస్టమ్ తేదీలు 2038 వరకే పనిచేస్తాయని.